పిచర్ కెరీర్ హోమ్‌రన్ రేటు: కట్టడం ఎలా, చదవడం ఎలా

హ్యూస్టన్‌లో మా ఆఫీసు తమ్ముడొకడు, కరీంనగర్ కుర్రాడు, మొన్న భోజనాల వేళ ఫోన్‌లో ఒక బేస్‌బాల్ పట్టిక చూపించి అడిగాడు: "అన్నా, గీ జేమీ మోయర్ 522 హోమ్‌రన్లు ఇచ్చిండట. అందరికంటె ఎక్కువ. గిన్ని సిక్సర్లు తిన్నోణ్ణి 25 సీజన్లు ఎట్ల ఆడనిచ్చిండ్రు?"

మోయర్ పిచర్, అంటే మన బౌలర్ లాంటివాడు; హోమ్‌రన్ మన సిక్సర్ లాంటిది. జవాబు ప్రశ్నలోనే ఉంది. అన్ని సీజన్లు ఆడనిచ్చారు కాబట్టే 522 అయ్యాయి. చెత్తగా వేసేవాడికి 500 హోమ్‌రన్లు ఇచ్చేంత అవకాశం ఎవరిస్తారు? వంద దాటకముందే ఇంటికి పంపేస్తారు. మొత్తం ఎన్ని ఇచ్చాడన్నది పక్కన పెట్టి, ఎంత ఆటకు ఎన్ని ఇచ్చాడని అడగాలి. బేస్‌బాల్ వాళ్లు దీన్ని తొమ్మిది ఇన్నింగ్స్‌కి ఇన్ని అని చెప్తారు, ఎందుకంటే పూర్తి మ్యాచ్ అంటే తొమ్మిది ఇన్నింగ్స్.

ఆ రోజు టిష్యూ కాగితం మీద వేసి చూపించిన లెక్కనే ఇక్కడ కాస్త వివరంగా రాస్తున్నాను. క్రికెట్‌లో ఎకానమీ రేటు కట్టడం వచ్చినవాళ్లకు ఇది పది నిమిషాల పని. వచ్చిన అంకెను చదవడమే అసలు పని. ఏ కాలంలో, ఏ మైదానంలో, ఏ పాత్రలో అని అడక్కుండా చదివితే వందేళ్ల కిందటి వాల్టర్ జాన్సన్ దేవుడని, మన కాలపు జస్టిన్ వెర్లాండర్ దండగని తేలుతుంది. మొదటిది కొంతవరకు నిజమేననుకోండి.

మొదటి అడుగు: సరైన వరుసలోంచి రెండు అంకెలు

బేస్‌బాల్ రెఫరెన్స్ సైట్‌లో పిచర్ పేజీ తెరిస్తే ఏడాదికో వరుసగా పట్టిక ఉంటుంది. అందులో ఐపీ అన్న గడిలో వేసిన ఇన్నింగ్స్, హెచ్ఆర్ అన్న గడిలో ఇచ్చిన హోమ్‌రన్లు. ఫ్యాన్‌గ్రాఫ్స్‌లోనూ అంతే. అడుగున కెరీర్ మొత్తం ఉంటుంది, అది తీసుకోండి.

రేటు కూడా కట్టి అక్కడే పెడతారు కదా, మళ్లీ మనమెందుకు అంటారా? బేస్‌బాల్ రెఫరెన్స్‌లో అది ఒక్క దశాంశానికే కనిపిస్తుంది. 0.95 వాడూ 1.04 వాడూ ఇద్దరూ 1.0 అయిపోతారు. పైగా ఫలానా రెండేళ్లు తీసేస్తే ఎంత, ఒక్క టీమ్‌కి ఆడినప్పుడు ఎంత లాంటి ప్రశ్నలకు చేత్తో కట్టుకోక తప్పదు.

వరుసలు మీరే కూడుతుంటే ఒకచోట జాగ్రత్త. సీజన్ మధ్యలో టీమ్ మారిన ఏడాదికి రెండు టీమ్‌లకు రెండు వరుసలు, రెండూ కలిపిన మొత్తానికి ఇంకో వరుస ఉంటాయి. మూడూ కూడితే ఆ ఏడాది రెండుసార్లు లెక్కకొస్తుంది. స్ప్రెడ్‌షీట్‌లోకి పట్టిక కాపీ చేసుకునేవాళ్లు ఎక్కువగా పడేది ఈ గుంటలోనే.

కెరీర్ రేటంటే మామూలు సీజన్ మ్యాచ్‌లదే. ప్లేఆఫ్‌లు, వరల్డ్ సిరీస్ అందులో కలవవు. ఒక్కోసారి అసలు కథ అక్కడే ఉంటుంది. యాంకీస్ క్లోజర్ (మ్యాచ్ చివర్లో దిగి ముగించే పిచర్) మరియానో రివేరా ప్లేఆఫ్‌లలో 141 ఇన్నింగ్స్ వేసి ఇచ్చిన హోమ్‌రన్లు రెండంటే రెండు. 1997లో శాండీ అలొమార్ జూనియర్ ఒకటి కొట్టాడు, 2000 వరల్డ్ సిరీస్‌లో జే పేటన్ ఇంకొకటి. కెరీర్ వరుసలో వీటి జాడ ఉండదు.

ఏ హోమ్‌రన్ ఎవరి ఖాతాలో పడుతుందన్న దానిలో గందరగోళం లేదు: బంతి విసిరినవాడి ఖాతాలోనే. ముందున్న పిచర్ వదిలేసి వెళ్లిన రన్నర్లు ఆ దెబ్బకు హోమ్ బేస్ చేరితే ఆ పరుగులు పాతవాడికి రాస్తారు, హోమ్‌రన్ మాత్రం కొత్తవాడికే. బంతి గోడ దాటకుండానే బ్యాటర్ నాలుగు బేస్‌లూ చుట్టి వచ్చేస్తే అదీ హోమ్‌రనే. పాతకాలపు పిచర్ల అంకెల్లో ఇలాంటి పరుగుపందెం హోమ్‌రన్లు తక్కువేమీ కాదు. 1930 ప్రాంతంలో నియమం మారేదాకా ఒక గెంతు వేసి గోడ దాటిన బంతిని కూడా హోమ్‌రన్‌గా లెక్కేసేవారు. ఇప్పుడది రెండు బేస్‌ల దెబ్బ మాత్రమే.

రెండో అడుగు: ఇన్నింగ్స్‌ని ఔట్లుగా మార్చడం

ఇక్కడ మనవాళ్లు అమెరికన్లకంటే ముందుంటారు. స్కోర్‌బోర్డు మీద 4.3 ఓవర్లు కనిపిస్తే అది నాలుగున్నర ఓవర్లని మనకు చిన్నప్పుడే తెలుసు. నెట్ రన్‌రేట్ లెక్కలు వేసి వేసి చేతికి అలవాటైంది. బేస్‌బాల్‌లో చుక్క తర్వాత ఉన్నదీ అలాంటిదే. ఇన్నింగ్స్‌కి మూడు ఔట్లు కాబట్టి .1 అంటే ఒక ఔట్, .2 అంటే రెండు ఔట్లు. 1283.2 అంటే 1,283 ఇన్నింగ్స్ పైన రెండు ఔట్లు. .3 అనేది ఉండదు, మూడైతే మరో ఇన్నింగ్స్ పూర్తయినట్టు.

దశాంశాలతో కుస్తీ పట్టే బదులు అన్నిటినీ ఔట్లుగా మార్చేయడం నా పద్ధతి. చుక్కకు ముందున్నదాన్ని మూడుతో గుణించి, చుక్క తర్వాతదాన్ని కలపాలి. రివేరాకి 1,283 × 3 = 3,849, పైన రెండు, మొత్తం 3,851 ఔట్లు. ఔట్లు పూర్ణాంకాలు కాబట్టి ఎన్ని సీజన్లు కూడినా తేడా రాదు.

నిజం చెప్పాలంటే కెరీర్ మొత్తానికి ఈ పొరపాటు పెద్దగా కొట్టదు. రివేరా ఇన్నింగ్స్‌ని 1283.2 అని అలాగే కొట్టేసినా మూడో దశాంశం దాకా అదే జవాబొస్తుంది. కానీ ఏప్రిల్ మొదటి వారంలో 4.2 ఇన్నింగ్స్ వేసి ఒక హోమ్‌రన్ ఇచ్చిన రిలీవర్‌ని (మ్యాచ్ మధ్యలో దిగే పిచర్‌ని) చూడండి: సరిగ్గా కడితే 1.93, చుక్కను దశాంశమనుకుంటే 2.14. ఇరవై సీజన్లను ఒక్కొక్కటిగా కూడేటప్పుడు కూడా .2, .2, .2 కలిసి .6 అయిపోతే అక్కడ రెండు పూర్తి ఇన్నింగ్స్ కాస్తా 0.6కి కుదించుకుపోయినట్టే.

మూడో అడుగు: గుణించి భాగించడం

తొమ్మిది ఇన్నింగ్స్‌కి 27 ఔట్లు. కాబట్టి హోమ్‌రన్లను 27తో గుణించి, మొత్తం ఔట్లతో భాగించాలి. ఇంకే సూత్రం లేదు.

మోయర్ వేసినవి సరిగ్గా 4,074 ఇన్నింగ్స్, అంటే 12,222 ఔట్లు. 522 × 27 = 14,094. భాగిస్తే 1.15. మ్యాచ్ మొత్తం తనే వేస్తే ఒకటి కంటే కాస్త ఎక్కువన్నమాట. 2010లో మోయర్ దాటేదాకా ఈ రికార్డు రాబిన్ రాబర్ట్స్ పేరు మీద ఉండేది: 4688.2 ఇన్నింగ్స్‌లో 505 హోమ్‌రన్లు, రేటు 0.97. రాబర్ట్స్ హాల్ ఆఫ్ ఫేమ్ పిచర్. "ఎక్కువ హోమ్‌రన్లు ఇచ్చినవాళ్లు" అన్న పట్టిక పైభాగంలో ఫెర్గీ జెంకిన్స్, ఫిల్ నీక్రో లాంటి హాల్ ఆఫ్ ఫేమ్ పేర్లే కనిపిస్తాయి. అది చెత్త పిచర్ల జాబితా కాదు, ఎక్కువ కాలం నిలబడినవాళ్ల జాబితా.

రివేరాకి 71 × 27 = 1,917, దాన్ని 3,851తో భాగిస్తే 0.50. గ్రెగ్ మాడక్స్ 5008.1 ఇన్నింగ్స్‌లో 353 ఇచ్చాడు, రేటు 0.63. నోలన్ రయన్ 5,386 ఇన్నింగ్స్‌లో 321, అంటే 0.54. వాల్టర్ జాన్సన్ 5914.1 ఇన్నింగ్స్‌లో 97, అంటే 0.15. ఈ చివరి అంకె చూసి కళ్లు తిరిగితే కాస్త ఆగండి, దాని సంగతి ముందుంది.

నాలుగో అడుగు: ఏడాది రేట్లకు సగటు తీయొద్దు

ఈ తప్పు నేనూ చేశాను. మొదట్లో ఒక పిచర్ పన్నెండు సీజన్ల రేట్లూ వరుసగా రాసుకుని, కూడి, పన్నెండుతో భాగించి, అదే కెరీర్ రేటని ఆఫీసులో వాదించాను. ఎదుటి సీటు పెద్దాయన ఏమీ అనలేదు, నా కాగితం మీద రెండే వరుసలు రాశాడు. ఒక ఏడాది 200 ఇన్నింగ్స్, 20 హోమ్‌రన్లు. మరుసటి ఏడాది భుజం నొప్పితో 10 ఇన్నింగ్స్, 5 హోమ్‌రన్లు. మొదటి ఏడాది రేటు 0.90, రెండో ఏడాది 4.50. నా పద్ధతిలో సగటు 2.70. అసలు లెక్క? 210 ఇన్నింగ్స్‌కి 25 హోమ్‌రన్లు, అంటే 1.07.

పది ఇన్నింగ్స్ సీజన్‌కి రెండొందల ఇన్నింగ్స్ సీజన్‌తో సమానంగా పీట వేశాను, అదీ జరిగింది. ముందు హోమ్‌రన్లన్నీ ఒకచోట, ఔట్లన్నీ ఒకచోట కూడాలి. భాగహారం చివర ఒక్కసారే.

ఈ కూడికే తిప్పి వాడితే మంచి పనిముట్టు. బర్ట్ బ్లైలెవెన్ 1986లో మిన్నెసోటా ట్విన్స్‌కి ఆడుతూ 271.2 ఇన్నింగ్స్‌లో 50 హోమ్‌రన్లు ఇచ్చాడు. ఒక సీజన్‌లో ఎవరూ అన్ని ఇవ్వలేదు. మరుసటి ఏడాది 267 ఇన్నింగ్స్‌లో 46. ఆ ఏడాదే ట్విన్స్ వరల్డ్ సిరీస్ గెలిచింది కూడా. కెరీర్ మొత్తానికి 4,970 ఇన్నింగ్స్‌లో 430, రేటు 0.78. ఇప్పుడు ఆ రెండేళ్లూ తీసేయండి: 430లోంచి 96 పోతే 334, 14,910 ఔట్లలోంచి 1,616 పోతే 13,294. రేటు 0.68. తీసిన రెండేళ్లకూ విడిగా కడితే 1.60. 22 సీజన్ల మనిషి గురించి జనానికి గుర్తున్నది ఆ రెండే. కెరీర్ రేటు ఉన్నది ఇలాంటి అన్యాయాన్ని సరిచేయడానికే.

అయిదో అడుగు: ఆ కాలంలో అందరూ ఎంత ఇచ్చేవారు?

కట్టడం అయిపోయింది. ఇక్కడి నుంచి చదవడం. అన్నిటికంటే ఎక్కువ సమయం పెట్టాల్సింది దీనిమీదే.

1916లో వాల్టర్ జాన్సన్ 369.2 ఇన్నింగ్స్ వేసి ఒక్క హోమ్‌రన్ కూడా ఇవ్వలేదు. సున్నా. ఇప్పటి పిచర్ రెండు సీజన్లలో వేసేంత ఆట అది. అబ్బురమే. కానీ ఆ ఏడాది అమెరికన్ లీగ్‌లో అందరికంటే ఎక్కువ హోమ్‌రన్లు కొట్టిన వాలీ పిప్ కొట్టినవి పన్నెండే! బంతి మెత్తది, మురికిదైనా నలిగినా అదే బంతితో ఆట సాగేది, బ్యాటర్లు గోడ మీదికి ఎత్తి కొట్టాలని చూసేవారు కాదు. 1919లో 29 కొట్టిన బేబ్ రూత్ 1920లో 54 కొట్టాడు. అక్కడి నుంచి ఆట వేరు. జాన్సన్ 0.15ని రివేరా 0.50 పక్కన పెట్టి ఎవరు గొప్ప అనడం 1980ల వన్డే బౌలర్ ఎకానమీని ఐపీఎల్ బౌలర్ ఎకానమీతో పోల్చడమే.

కాలానికి కొలబద్ద తయారు చేసుకోవడం తేలికే. ఆ ఏడాది లీగ్ మొత్తం హోమ్‌రన్లను మ్యాచ్‌ల సంఖ్యకు రెట్టింపుతో భాగించాలి (ఒక్కో మ్యాచ్‌లో రెండు టీమ్‌లు కాబట్టి). మేజర్ లీగ్‌లో 1968లో 1,995 హోమ్‌రన్లు, టీమ్‌కి మ్యాచ్‌కి 0.61. 1987లో 4,458, అంటే 1.06. 2000లో 5,693, అంటే 1.17. 2014లో 4,186కి పడిపోయి 0.86. అయిదేళ్లు తిరిగేసరికి, 2019లో, 6,776 హోమ్‌రన్లతో 1.39. ఒకే ఆట, ఒకే నియమాలు, అయిదేళ్లలో ఇంత తేడా. బంతి గాలిలో తక్కువ నిరోధంతో దూసుకెళ్లిందన్నది ఒక కారణం, బ్యాటర్లు కావాలనే ఎత్తి కొట్టడం నేర్చుకున్నారన్నది ఇంకొకటి. టీమ్‌కి మ్యాచ్ అన్నదీ తొమ్మిది ఇన్నింగ్స్ అన్నదీ అచ్చంగా ఒకటి కాదు: అదనపు ఇన్నింగ్స్ ఉంటాయి, గెలుస్తున్న ఆతిథ్య టీమ్ తొమ్మిదోసారి బ్యాటింగ్‌కి రాదు. అయినా రెండూ దాదాపు సరిపోతాయి, మన పనికి చాలు.

ఇప్పుడు ఈ కొలబద్దతో మోయర్ రెండేళ్లు కొలుద్దాం. 2003లో మేజర్ లీగ్‌లో 5,207 హోమ్‌రన్లు, రేటు 1.07. మోయర్ ఆ ఏడాది 215 ఇన్నింగ్స్ వేశాడు. తొమ్మిదితో భాగిస్తే 23.9. దాన్ని 1.07తో గుణిస్తే 25.6. అంటే సగటు పిచర్ అన్ని ఇన్నింగ్స్ వేస్తే 25 లేదా 26 ఇచ్చేవాడు. మోయర్ ఇచ్చినవి 19. బాగా తక్కువ. ఆ ఏడాది 21 మ్యాచ్‌లు గెలిచాడు. 2004లో లీగ్ రేటు 1.12, మోయర్ 202 ఇన్నింగ్స్, సగటువాడైతే 25 ఇస్తాడు. మోయర్ ఇచ్చినవి 44.

రెండేళ్లూ కలిపితే రావాల్సినవి దాదాపు 51, వచ్చినవి 63. 63ని 51తో భాగిస్తే 1.24, అంటే లీగ్ కంటే 24 శాతం ఎక్కువ. కెరీర్ మొత్తానికీ ఇంతే: ప్రతి సీజన్‌కీ "రావాల్సినవి" కట్టుకుని అన్నీ కూడి, అసలు ఇచ్చినవాటిని ఆ మొత్తంతో భాగించాలి. ఒకటికి కిందుంటే లీగ్ కంటే మెరుగు, పైనుంటే అధ్వానం. మొదటిసారి గంట పట్టొచ్చు. కానీ 1916 వాణ్ణీ 2019 వాణ్ణీ ఒకే గట్టున నిలబెట్టగలిగేది ఈ అంకె ఒక్కటే.

మేజర్ లీగ్‌లో అమెరికన్, నేషనల్ అని రెండు లీగ్‌లు కాబట్టి ఏ లీగ్ అన్నది కూడా చూసుకోవాలి. 1973 నుంచి అమెరికన్ లీగ్‌లో పిచర్ బదులు ప్రత్యేక బ్యాటర్ ఆడేవాడు. నేషనల్ లీగ్‌లో 2021 దాకా చాలావరకు పిచరే బ్యాట్ పట్టేవాడు. పిచర్‌కి బంతి వేయడమంటే పదకొండో నంబరు ఆటగాడికి వేసినట్టే. 1987లో అమెరికన్ లీగ్ ఒక్కదాని రేటు 1.16. బ్లైలెవెన్ ఆడింది ఆ లీగ్‌లోనే కాబట్టి దానితోనే కొలవాలి: రావాల్సినవి 34, ఇచ్చినవి 46, నిష్పత్తి 1.34. రెండు లీగ్‌లూ కలిపిన 1.06తో కొలిస్తే 1.46 అని తేలి, పాపం ఇంకాస్త చెడ్డవాడిలా కనిపిస్తాడు.

ఆరో అడుగు: ఏ మైదానంలో?

మా ఊరి ఉదాహరణే చెప్తాను. హోసే లీమా 1999లో హ్యూస్టన్ ఆస్ట్రోస్‌కి 21 మ్యాచ్‌లు గెలిచాడు. 246.1 ఇన్నింగ్స్, 30 హోమ్‌రన్లు, రేటు 1.10. అప్పటికి ఆస్ట్రోస్ ఇల్లు ఆస్ట్రోడోమ్, పైకప్పున్న విశాలమైన స్టేడియం, అక్కడ బంతి ఎగిరేది కాదు. 2000లో డౌన్‌టౌన్‌లో కట్టిన కొత్త మైదానానికి మారారు. ఎడమవైపు గీత పక్కన గోడ 315 అడుగుల దూరంలోనే, దాని మీద క్రాఫర్డ్ బాక్సెస్ అనే సీట్లు. ఆ ఏడాది లీమా 196.1 ఇన్నింగ్స్‌లో 48 హోమ్‌రన్లు ఇచ్చాడు. రేటు 2.20, రెట్టింపు! ఈఆర్ఏ (తొమ్మిది ఇన్నింగ్స్‌కి పిచర్ ఖాతాలో పడే పరుగులు) 3.58 నుంచి 6.65కి పోయింది.

నేను ఆ సీట్లలో కూర్చుని చూశాను. ఇంకో మైదానంలోనైతే ఫీల్డర్ వెనక్కి నాలుగు అడుగులు వేసి తీరిగ్గా పట్టుకునే బంతి, ఇక్కడ పక్కవాడి నాచోస్ పళ్లెంలో పడుతుంది.

అలాగని తప్పంతా గోడదే అనకండి. ఎవరైనా సొంత మైదానంలో ఆడేది సగం మ్యాచ్‌లే. 2000లో లీగంతా హోమ్‌రన్లు పొంగిపొర్లాయని పైన చూశాం. అందుకే పిచర్ పేజీలో స్ప్లిట్స్ అన్నచోటికి వెళ్లి సొంత మైదానం లెక్క, బయటి లెక్క విడివిడిగా కట్టండి. బయట కూడా రేటు ఎక్కువే ఉంటే మైదానాన్ని తిట్టి లాభం లేదు.

పార్క్ ఫ్యాక్టర్ అనే అంకెలూ దొరుకుతాయి: 100 అంటే మామూలు మైదానం, 110 అంటే పది శాతం ఎక్కువ. కొన్ని సైట్లు సొంత మైదానంలో సగమే ఆడతారని ముందే సగం చేసి ఇస్తాయి, కొన్ని ఇవ్వవు. చూసుకోకపోతే రెండుసార్లు సగం చేస్తారు. డెన్వర్‌లోని కూర్స్ ఫీల్డ్ సంగతి వేరే చెప్పాలా, సముద్రమట్టానికి మైలు ఎత్తు, పల్చని గాలి. 2002 నుంచి అక్కడ బంతుల్ని తేమ గదిలో నిల్వ చేస్తున్నారు, ఎండిపోయి మరీ ఎగరకుండా. 2022 నుంచి మొత్తం 30 మైదానాల్లోనూ అదే పద్ధతి.

ఏడో అడుగు: స్టార్టరా, రిలీవరా, ఎన్ని ఇన్నింగ్స్?

రివేరా 0.50నీ మాడక్స్ 0.63నీ పక్కపక్కన పెట్టి రివేరా మెరుగనే ముందు ఇది చూడండి. స్టార్టర్ అంటే మ్యాచ్ మొదలుపెట్టే పిచర్, అదే బ్యాటర్‌కి ఒక రాత్రిలో మూడుసార్లు వేస్తాడు. మూడోసారికి బ్యాటర్‌కి అతని బంతులు పరిచయమైపోతాయి, చేయి కూడా అలిసిపోతుంది. క్లోజర్ తొమ్మిదో ఇన్నింగ్స్‌లో తాజా చేత్తో వచ్చి ఒక్కొక్కరికి ఒక్కసారే వేసి వెళ్లిపోతాడు. రివేరా కూడా 1995లో, మొదటి ఏడాది, పది మ్యాచ్‌లు స్టార్టర్‌గా ఆడాడు: ఆ సీజన్ 67 ఇన్నింగ్స్‌లో 11 హోమ్‌రన్లు, రేటు 1.48. మరుసటి ఏడాది పూర్తిగా రిలీవర్, 107.2 ఇన్నింగ్స్‌లో ఒక్కటంటే ఒక్కటి. మొదటి ఏడాది తీసేస్తే మిగతా కెరీర్ రేటు 0.44. స్టార్టర్లని స్టార్టర్లతో, రిలీవర్లని రిలీవర్లతోనే పోల్చండి.

అంకె ఎంత గట్టిదో చూడ్డానికి చిన్న చిట్కా: ఇచ్చిన హోమ్‌రన్ల సంఖ్యకు వర్గమూలం తీయండి. అదృష్టం అటూ ఇటూ ఊపగల దూరం సుమారుగా అంత. మోయర్ 522కి 23, అంటే నాలుగు శాతం చిల్లర. ఆ రేటు రాయి మీద గీత. రివేరా 71కి 8, పన్నెండు శాతం. ఒక సీజన్‌లో 4 ఇచ్చినవాడికి 2, అంటే యాభై శాతం! 1994లో మాడక్స్ 202 ఇన్నింగ్స్‌లో 4 హోమ్‌రన్లే ఇచ్చాడు, రేటు 0.18. అద్భుతం, కానీ అది మాడక్స్ అసలు స్థాయి అనుకోకూడదు. 0.63 అసలు స్థాయి. వెయ్యి ఇన్నింగ్స్ లేనిదే కెరీర్ రేటని నేను నోరెత్తను, రిలీవర్లకైతే అయిదొందలకు ఒప్పుకుంటాను.

ఎనిమిదో అడుగు: భాగించేది మార్చి చూడటం

తొమ్మిది ఇన్నింగ్స్ రేటులో ఒక లోపం ఉంది. ఇన్నింగ్స్ అంటే ఔట్లు కదా. ఔట్లు తీయలేక తంటాలు పడేవాడు ఒక్కో ఇన్నింగ్స్‌లో ఎక్కువమంది బ్యాటర్లకు వేస్తాడు. ఇద్దరు పిచర్లు చెరో 90 ఇన్నింగ్స్‌లో చెరో 9 హోమ్‌రన్లు ఇచ్చారనుకోండి. ఇద్దరి రేటూ 0.90. కానీ ఒకడు 360 మందికి వేశాడు, ఇంకొకడు 420 మందికి. బ్యాటర్ల లెక్కన మొదటివాడిది 2.5 శాతం, రెండోవాడిది 2.1. గోడ దాటించకుండా ఆపడంలో రెండోవాడే నయం, అతని రోగం వేరేచోట ఉంది: వాక్‌లో (నాలుగు చెడ్డ బంతులకు బ్యాటర్‌కి ఉచితంగా దక్కే బేస్) లేక సింగిల్సో. అదే పట్టికలో బీఎఫ్ అన్న గడిలో ఎందరు బ్యాటర్లకు వేశాడో ఉంటుంది, హోమ్‌రన్లను దానితో భాగించి వందతో గుణించండి. నాకైతే ఇద్దర్ని పోల్చేటప్పుడు ఇదే ఎక్కువ నచ్చుతుంది.

ఇంకో మెట్టు దిగితే, పైకి లేచిన బంతుల్లో ఎన్ని గోడ దాటాయన్నది. నేలమీద దొర్లే బంతి ఎంత గట్టిగా కొట్టినా హోమ్‌రన్ కాదు. సింకర్ వేసి బంతిని కిందికి కొట్టించేవాళ్ల రేట్లు తక్కువగా ఉండేది అందుకే. 2016లో బాల్టిమోర్ క్లోజర్ జాక్ బ్రిటన్ 67 ఇన్నింగ్స్‌లో ఒకటే ఇచ్చాడు. లేచిన బంతుల్లో గోడ దాటే శాతం ఏడాదికేడాది బాగా ఊగుతుంది, అందులో పిచర్ చేతిలో ఉన్నది కొంతే. పిచర్ పనితీరును అంచనా వేసే ఎక్స్‌ఫిప్ అనే కొలత అసలు హోమ్‌రన్లని పక్కన పెట్టి లీగ్ సగటు శాతాన్ని వాడేది అందుకే. దాని అన్న ఫిప్‌లో మాత్రం అసలు హోమ్‌రన్లే ఉంటాయి, ఒక్కోదానికి 13 బరువు వేసి ఇన్నింగ్స్‌తో భాగిస్తారు. 200 ఇన్నింగ్స్ వేసినవాడు పది హోమ్‌రన్లు ఎక్కువిస్తే ఫిప్ 0.65 పెరుగుతుంది. చిన్న మాట కాదు.

తొమ్మిదో అడుగు: ఇస్తే ఇచ్చాడు, నష్టమెంత?

2019లో హ్యూస్టన్‌కే ఆడిన జస్టిన్ వెర్లాండర్ 223 ఇన్నింగ్స్‌లో 36 హోమ్‌రన్లు ఇచ్చాడు. రేటు 1.45, హోమ్‌రన్ల వరదలో ఉన్న లీగ్ రేటు కంటే కూడా ఎక్కువ. ఆ ఏడాది ఈఆర్ఏ 2.58, మూడొందల స్ట్రైకౌట్లు, అమెరికన్ లీగ్ ఉత్తమ పిచర్‌కిచ్చే సై యంగ్ అవార్డు అతనికే.

ఎలాగంటే, ఇన్నింగ్స్‌కి సగటున ఒక్క మనిషి కూడా బేస్ ఎక్కలేదు. హిట్లూ వాక్‌లూ కలిపి ఇన్నింగ్స్‌కి 0.80. బేస్‌ల మీద ఎవరూ లేనప్పుడు హోమ్‌రన్ కొడితే ఒక పరుగు. ఇద్దరుంటే మూడు. బ్యాటర్లని వాక్ చేయించకుండా, ధైర్యంగా స్ట్రైక్ జోన్‌లోకే వేసేవాడు అప్పుడప్పుడూ ఒకటి తింటాడు. తిన్నా ఒక పరుగే పోతుంది. కాబట్టి హోమ్‌రన్ రేటు పక్కన ఇన్నింగ్స్‌కి ఎందరిని బేస్ ఎక్కించాడన్న అంకె కూడా రాసుకోండి. రెండూ ఎక్కువుంటేనే అసలు ప్రమాదం.

మోయర్ కూడా కొంతవరకు ఈ కోవలోవాడే. ఫాస్ట్‌బాల్ గంటకు 130 కిలోమీటర్ల చుట్టూ, క్రికెట్‌లోనైతే మీడియం పేసర్. పక్కవాళ్లు 145, 150 వేస్తున్న రోజుల్లో అతను వేగం మార్చి, మూలలకు వేసి బ్యాటర్లని తికమక పెట్టి బతికాడు. అంత నెమ్మదైన బంతి మూల తప్పి మధ్యలో పడితే ఏమవుతుందో చెప్పనక్కర్లేదు. 2012 ఏప్రిల్‌లో, 49 ఏళ్ల వయసులో, మ్యాచ్ గెలిచాడు. అంత పెద్ద వయసులో గెలిచిన పిచర్ మేజర్ లీగ్‌లో ఇంకొకరు లేరు. అప్పుడు ఆడుతున్నది ఏ టీమ్‌కో తెలుసా? డెన్వర్‌కి, ఆ మైలు ఎత్తు మైదానంలో.

టిష్యూ మీద చివరికి మా తమ్ముడికి రాసిచ్చిన వరుస ఇది: "మోయర్, 1986–2012, స్టార్టర్, 4,074 ఇన్నింగ్స్, 522, తొమ్మిదికి 1.15, ఎక్కువ భాగం హోమ్‌రన్లు పొంగిన కాలంలో." తమ్ముడు దాన్ని తిప్పితిప్పి చూసి, "సరే గని అన్నా, 2004ల ఆ 44 సంగతేంది?" అన్నాడు. దానికి సమాధానం స్ప్లిట్స్ పేజీలో వెతుక్కోమని చెప్పి ఫోన్ చేతికిచ్చాను. అన్నం చల్లారిపోతోంది.